ఓటుకీ మెదడుకీ లంకె పెట్టే వార్తను ఎలా చదవాలి

‘ఫలానా పక్షంవాళ్ల మెదడే వేరట, నిజమేనా మేడమ్?’ అని నా సైకాలజీ విద్యార్థులు ఏటా ఏదో ఒక వార్త పట్టుకొస్తారు. ముందు ఎంతమందిని పరీక్షించారో వెతకమంటాను.

2008లో ‘సైన్స్’ పత్రికలో ఒక అమెరికా అధ్యయనం వచ్చింది. భయపెట్టే బొమ్మలకి చర్మం మీద చెమట, హఠాత్తుగా వచ్చే శబ్దానికి కనురెప్ప ఉలికిపాటు కొలిచారు. ఎక్కువ స్పందించినవాళ్లు రక్షణ ఖర్చునీ మరణశిక్షనీ ఎక్కువగా సమర్థించారని తేల్చారు. పాల్గొన్నది 46 మంది. అంత చిన్న గుంపులో నలుగురైదుగురు అటూ ఇటూ అయినా ఫలితం మారిపోవచ్చు.

అందుకే, ఆ ప్రయోగం మళ్లీ ఎవరైనా చేశారా అన్నది తర్వాత చూడండి. 2020లో వేరే బృందం, లెక్క ఎలా కట్టాలో ముందే రాసిపెట్టుకుని, 202 మందితో చేసింది. ఆ సంబంధం కనిపించలేదు. లండన్‌లో 2011లో 90 మంది యువతీయువకుల మెదళ్లను స్కాన్ చేసి, భయంతో ముడిపడ్డ అమిగ్డలా అనే మెదడు భాగం సంప్రదాయవాదుల్లో కాస్త పెద్దదన్నారు. 2024లో నెదర్లాండ్స్‌లో 900 మందికి పైగా స్కాన్లు పరిశీలిస్తే ఆ తేడా ఉంది, కానీ చాలా చిన్నది. మొదటి ఫలితానికి వచ్చినంత పేరు రెండోదానికి రాదు, మనమే వెతుక్కోవాలి.

జన్యువుల వార్తలు ఇంకా నెమ్మదిగా చదవాలి. అచ్చం ఒకేలా ఉండే కవలల్ని మామూలు కవలలతో పోల్చి ‘రాజకీయ దృక్పథంలో 40 శాతం వారసత్వం’ అంటారు. దాని అర్థం మీ అభిప్రాయంలో 40 శాతం పుట్టుకతో వచ్చిందని కాదు. ఒక జనాభాలో మనిషికీ మనిషికీ ఉన్న తేడాల్లో అంత వాటా జన్యువుల తేడాలతో ముడిపడి ఉందని. పైగా 2005 నాటి అమెరికా కవలల అధ్యయనంలో, ఏ పార్టీవాళ్లమని చెప్పుకుంటారన్నదానికి జన్యువులకంటే పెరిగిన ఇల్లే ఎక్కువ కారణంగా తేలింది. ‘వాడి పుట్టుకే అంత’ అని ఎదుటివాడితో మాట మానేసేవాళ్లని చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. ఈ అంకెల్లో ఆ మాటకి ఆధారం లేదు.

చివరగా, వార్తలో రెండు పక్షాల పేర్లూ తారుమారు చేసి మళ్లీ చదవండి. అప్పుడూ అంతే తేలిగ్గా నమ్ముతారా? ఇది ఊహ కాదు. వ్యక్తిత్వానికీ రాజకీయ దృక్పథానికీ సంబంధం చూపిన 2012 వ్యాసమొకటి ఉంది. అందులో జవాబులకిచ్చిన అంకెలు తలకిందులయ్యాయనీ, సంప్రదాయవాదులకు అంటగట్టిన లక్షణాలు నిజానికి ఉదారవాదుల వైపు మొగ్గాయనీ 2016లో సవరణ వచ్చింది.