రికంబెంట్ ట్రైక్ వీడియోలు: చూసినవాళ్లు వచ్చి తొక్కేలా

వెనక్కి వాలి కూర్చుని, కాళ్లు ముందుకు చాపి తొక్కే ఈ మూడు చక్రాల బండిని కొత్తగా చూసినవాళ్లు అడిగేవి నాలుగే. ఇంత కిందికి ఉంటే కార్లవాళ్లకి కనబడుతుందా? ఎక్కి దిగడం ఎలా? ఎత్తు ఎక్కుతుందా? కారులో పడుతుందా? ఒక్కో వీడియోలో ఒక్క ప్రశ్నే తీసుకోండి. సాయంత్రపు ఎండలో అందంగా తీసిన వీడియోలకి లైకులైతే వస్తాయి కానీ, ఈ ప్రశ్నలకి జవాబు దొరకదు.

ముందు "కనబడుతుందా" అన్నది తీయండి. కెమెరా ట్రైక్ మీద పెడితే పక్క బళ్లన్నీ కొండల్లా కనిపించి భయం పెరుగుతుంది. ట్రాఫిక్ లేని చోట ఆపిన కారులో డ్రైవర్ సీట్లో ఒకరు కూర్చుని, ఫోన్ కళ్ల ఎత్తులో పట్టుకోవాలి. ట్రైక్ 100 మీటర్ల దూరం నుంచి ఎదురుగా రావాలి: ఒకసారి ఉత్తగా, ఇంకోసారి జెండా, లైటు పెట్టుకుని. జెండా కొస నేల నుంచి 1.5 మీటర్లైనా ఉండాలి. మామూలు లెన్సే వాడండి. వైడ్ లెన్స్ బండిని ఉన్నదానికంటే చిన్నగా చూపిస్తుంది. జూమ్ చేస్తే కామెంట్లలో పట్టేస్తారు.

కదులుతూ తీసేటప్పుడు కెమెరా ఛాతీకి కడితే మోకాళ్లు తప్ప ఏమీ పడవు. సీటు వెనక కర్ర కట్టి పైనుంచి తీస్తే మనిషి, చక్రాలు, దారి అన్నీ వస్తాయి. కర్రని రెండు చోట్ల బిగించాలి, లేదంటే ఊగుతుంది.

నిలువు వీడియో (9:16)లో ట్రైక్‌ని పక్కనుంచి తీయకండి. పొడవెక్కువ, ఎత్తు తక్కువ ఉండే బండి కాబట్టి ఫ్రేములో సన్నటి గీతలా మిగులుతుంది. ఎదురుగా, కొంచెం ఏటవాలుగా తీయండి. అక్షరాలు మధ్యలో వేయాలి. అడుగున యాప్ బటన్లు కప్పేస్తాయి.

ఎక్కి దిగడం చూపేటప్పుడు పార్కింగ్ బ్రేకు వేయడం కూడా ఫ్రేములో పడాలి. వేయకపోతే కూర్చునేలోపు బండి జారుతుంది. పాదాలు పెడల్స్‌కి పట్టీలతోనో క్లిప్పులతోనో బిగించి ఉండడం ప్రతి వీడియోలోనూ కనబడాలి. వేగంలో కాలు జారి నేలకి తగిలితే బండి ముందుకు పోతూ దాన్ని కిందికి లాగేస్తుంది, ఎముక విరగొచ్చు. చెప్పులతో తొక్కిన వీడియో ఎంత బాగా వచ్చినా తీసేయండి. కొత్తవాళ్లు దాన్నే అనుకరిస్తారు.

ఎత్తుల గురించి ఉన్నదున్నట్టు చెప్పండి: నెమ్మదిగా ఎక్కుతుంది, కానీ బ్యాలెన్స్ పని లేదు కనుక చిన్న గేరులో నడక వేగానికి దిగినా పడిపోదు. నడుం నొప్పి తగ్గిపోతుందని మాత్రం హామీ ఇవ్వొద్దు.

తొక్కిన దారి చూపే రైడ్ మ్యాపు పెట్టే ముందు, మీ ఇల్లెక్కడో తెలియకుండా ఇంటి దగ్గర మొదలూ చివరా కత్తిరించండి.

తొక్కి చూస్తామని మెసేజ్ పెట్టినవాళ్లని కాలి పొడవు ముందే అడగండి. పెడల్స్ ఉండే బూమ్‌ని ముందుకీ వెనక్కీ జరపాలి. ఎక్కువ జరిపితే చాలా ట్రైకులకి చైన్ లింకులు కలపడమో తీయడమో తప్పదు. వాళ్లొచ్చాక మొదలుపెడితే గంట దానికే పోతుంది.