కల్పిత లోకపు వికీ: రాతలో వచ్చే తంటాలు, వాటి పరిష్కారాలు

ఒక కల్పిత లోకం మీద నలుగురూ కలిసి వికీ రాస్తుంటే మొదటి యాభై పేజీలు హుషారుగా పడిపోతాయి. చర్చా పేజీల్లో వేడి ఆ తర్వాతే మొదలవుతుంది. నేను చూసినంతలో ఆ తగవుల్లో ఎక్కువ భాగం కథ గురించి కావు. రాసేవాళ్లు కథ లోపల నిలబడి రాస్తున్నారా, బయట నిలబడి రాస్తున్నారా అన్నది తేల్చుకోకపోవడం వల్ల వచ్చేవే.

ఉదాహరణల కోసం ఒక లోకాన్ని నేనే అల్లుకున్నాను. వెండికోట అనే రేవు పట్టణం, దాన్ని కాపాడిన ఆరిణి, దాన్ని తగలబెట్టబోయిన కోర్వన్, ఆరిణి వెంట తిరిగే మిణుకు అనే రోబో.

సమస్య: ఒకే పేజీ ఇద్దరు రాసినట్టుంది

ఇలా ఉంటుంది: "ఆరిణి వెండికోట సేనాని కూతురు. రెండో సీజన్‌లో ఈమె పాత్ర నిడివి తగ్గించారు. కోటను కాపాడుతూ ఎడమ చెయ్యి పోగొట్టుకుంది. ఈ సీన్ ప్రేక్షకులకు బాగా నచ్చింది."

మొదటి వాక్యంలో, మూడో వాక్యంలో ఆరిణి నిజంగా బతికిన మనిషి. మిగతా రెండింటిలో ఎవరో రాసిన పాత్ర. చదివేవాళ్లు గుమ్మం లోపలికీ బయటికీ తిరుగుతూ ఉండాలి.

కారణం చాలాసార్లు పాత అలవాటే. ఇంగ్లిష్ వికీపీడియాలో రాసి వచ్చినవాళ్లకు బయటి చూపు అలవాటు. అక్కడి మార్గదర్శకాల ప్రకారం కథను కథగానే చెప్పాలి, కథాంశాన్ని వర్తమాన కాలంలో రాయాలి, పాత్రను ఎలా తయారు చేశారు, విమర్శకులు ఏమన్నారు అన్నవాటికి చోటివ్వాలి. 2003లో మొదలైన స్టార్ ట్రెక్ వికీ మెమరీ ఆల్ఫా, 2005లో మొదలైన స్టార్ వార్స్ వికీ వూకీపీడియా దీనికి తలకిందులు. అక్కడ పాత్రల వ్యాసాలు ఆ లోకంలోని చరిత్రకారుడెవరో రాసినట్టు భూతకాలంలో సాగుతాయి. తెర వెనక సంగతులు వేరే విభాగంలోకి పోతాయి.

రెండు పద్ధతులూ మంచివే. కలపడంతోనే చిక్కు. అభిమానుల వికీకి రెండోది బాగా నప్పుతుందని నా అభిప్రాయం, ఎందుకంటే వచ్చేవాళ్లు ఆ లోకంలో కాసేపు ఉండడానికే వస్తారు. అలా అయితే పై పేరాలో మొదటి, మూడో వాక్యాలు పైన ఉంటాయి. నిడివి తగ్గించిన సంగతి మూలంతో సహా "తెర వెనక" విభాగానికి దిగుతుంది. "ప్రేక్షకులకు బాగా నచ్చింది" అన్నది కొట్టేయండి. ఎవరికి నచ్చిందో చెప్పలేని వాక్యానికి ఎక్కడా చోటు లేదు.

సందేహం వస్తే చిన్న పరీక్ష పెట్టుకోండి: ఈ వాక్యం ఆరిణి చదివితే ఆమెకు అర్థమవుతుందా? సీజన్, ఎపిసోడ్, ఫ్లాష్‌బ్యాక్, విలన్ ఆమెకు తెలియని మాటలు. అవి కనిపించాయంటే వాక్యం కిందికి పోవాలి. మూలాల సూచికకు మాత్రం ఈ పరీక్ష వర్తించదు.

సమస్య: కొత్త భాగం వచ్చిన ప్రతిసారీ పాత వాక్యాలు తప్పైపోతున్నాయి

"కోర్వన్ ప్రస్తుతం ఉత్తర దీవుల్లో దాక్కున్నాడు." ప్రస్తుతం అంటే ఎప్పుడు? మూడో పుస్తకం ముగిసేనాటికా, ఇవాళ్టికా? నాలుగో పుస్తకంలో కోర్వన్ దొరికిపోతే ఆ వాక్యాన్ని వెతికి పట్టుకుని మార్చేదెవరు?

"ప్రస్తుతం", "ఇప్పటికీ", "ఇటీవల", "ఇంతవరకు" అన్న మాటలను వికీ మొత్తంలో ఒకసారి వెతకండి. దొరికిన ప్రతి చోటా కాలాన్ని ఒక సంఘటనకు కట్టేయండి: "కోట ముట్టడి విఫలమయ్యాక కోర్వన్ ఉత్తర దీవులకు పారిపోయి అక్కడ దాక్కున్నాడు." తర్వాత ఏమైనా జరగనివ్వండి, ఈ వాక్యానికి ఢోకా లేదు.

కానీ ఇక్కడ తెలుగులో ఒక గుంట ఉంది, నేనే పడ్డాను. "అంతా భూతకాలం" అన్న నియమం పెట్టుకున్న ఉత్సాహంలో ఒకసారి వరసగా పేజీలన్నీ తిరగరాశాను. "వెండికోట ఒక రేవు పట్టణం" కాస్తా "వెండికోట ఒక రేవు పట్టణంగా ఉండేది" అయింది. మర్నాడు చర్చా పేజీలో ప్రశ్న: "వెండికోట ఏ భాగంలో నాశనమైంది? నేను మిస్సయ్యానా?" ఇంగ్లిష్‌లో అలాంటి చోట భూతకాలపు క్రియ పెట్టినా నడుస్తుందేమో గానీ, మన "ఉండేది"లో "ఇప్పుడు లేదు" అన్న ధ్వని ఉంది. అదృష్టవశాత్తూ తెలుగులో ఇలాంటి వాక్యానికి క్రియే అక్కర్లేదు. "ఆరిణి సేనాని కూతురు", "వెండికోట రేవు పట్టణం" అంటే చాలు, కాలం గొడవే లేదు. జరిగిన పనులకు భూతకాలం, ఎవరు ఏమిటి అని చెప్పడానికి క్రియ లేని వాక్యం. "ఉండేది", "ఉండేవాడు" నిజంగా పోయినవాటికే.

సమస్య: సేనాని ఆయన, కోర్వన్ వాడు, రోబో రోజుకో రకం

సర్వనామం చూస్తే ఎడిటర్‌కు ఎవరంటే ఇష్టమో తెలిసిపోతుంది. క్రియ కూడా దాని వెంటే మారుతుంది కాబట్టి పేజీ మధ్యలో "వచ్చారు", "వచ్చాడు", "చచ్చాడు" అన్నీ వరసగా తగులుతాయి. దీనికి అందరికీ అతను, ఆమె అని ఒకే గీత గీయండి. రాజైనా అంతే, హంతకుడైనా అంతే. "గారు" పాత్రల సంభాషణను ఉటంకించేటప్పుడు తప్ప వద్దు. అందరూ "చనిపోయారు" అనో, అందరూ "చనిపోయాడు" అనో ఉంటే పర్వాలేదు. మంచివాళ్లు "అమరులై", చెడ్డవాళ్లు "చచ్చి" పోతేనే ఇబ్బంది.

మిణుకు సంగతి వేరు. ఒకరు "అది" అంటారు, ఇంకొకరికి అది అవమానంగా అనిపించి "అతను" అని మారుస్తారు. మూలంలో మిగతా పాత్రలు మిణుకును ఎలా పిలిస్తే అలా రాయండి. మూలం తేల్చకపోతే సర్వనామం మానేసి పేరే వాడండి: "మిణుకు తలుపు తెరిచింది." "తెరిచింది" అన్న క్రియ ఆమెకూ చెల్లుతుంది, దానికీ చెల్లుతుంది. అతను అనే పక్షంవాళ్లకు ఇది నచ్చకపోవచ్చు. మూలం చూపించమని అడగండి.

సమస్య: పేజీ ఉంది, వెతికితే దొరకదు

కోర్వన్, కొర్వన్, కోర్వాన్: ముగ్గురు రాస్తే మూడు పేజీలు. దీన్ని కంటితో పట్టుకోవచ్చు. పట్టుకోలేనిది ఇంకోటుంది. "కోర్వన్‌దళం" అని పొల్లు విడిగా కనిపించేలా రాయాలంటే మధ్యలో కంటికి కనపడని ఒక అక్షరం పడుతుంది. అది లేకపోతే "కోర్వన్దళం" అవుతుంది. కంప్యూటర్‌కు ఇవి రెండు వేర్వేరు పేర్లు. పాత్ర పేరు మూలంలో ఎలా పలికారో విని ఒక రూపం ఖాయం చేసి, మిగతా రూపాలన్నిటి నుంచీ దానికి దారిమార్పులు పెట్టండి, అంటే ఏ రూపం వెతికినా అదే పేజీకి తీసుకెళ్లే లింకులు. అభిమానులు సాధారణంగా చేసే తప్పు స్పెల్లింగులకు కూడా.

సమస్య: ఎవరూ రాయని కథ వ్యాసంలోకి వచ్చేసింది

"ముట్టడి నాటికి ఆరిణికి 19 ఏళ్లు." ఎక్కడుంది? అడిగితే సమాధానం: పుట్టిన సంవత్సరం ఒక భాగంలో చెప్పారు, ముట్టడి సంవత్సరం ఇంకో భాగంలో ఉంది, తీసివేశాను. ఆ లోకంలో ఏడాదికి ఎన్ని నెలలో ఎవరికీ తెలియదు మరి! ఇలాంటి లెక్కలు వ్యాసం పాఠంలో కాదు, లెక్క ఎలా కట్టారో చెబుతూ ఫుట్‌నోట్‌లో ఉండాలి. "బహుశా", "అనిపిస్తుంది" అన్న మాటలు కనిపిస్తే అక్కడ ఊహ దాక్కుందని అర్థం.

రెండు మూలాలు ఒకదానితో ఒకటి పొసగకపోతే అతికించే కథ అల్లకండి. రెండూ చెప్పి ఊరుకోండి.

ఇక కర్తలే మాట మార్చే సందర్భం. 2014 ఏప్రిల్ 25న లూకస్‌ఫిల్మ్ సంస్థ అప్పటివరకు వచ్చిన స్టార్ వార్స్ నవలలు, కామిక్స్‌లో చాలా వాటిని అధికారిక కథ నుంచి తప్పించి లెజెండ్స్ అనే పేరు కింద పెట్టింది. వూకీపీడియా వాటిని చెరిపేయలేదు. ఒకే పాత్రకు కానన్ (అధికారిక కథ) పేజీ, లెజెండ్స్ పేజీ వేర్వేరుగా పెట్టి, పైన ట్యాబ్‌లతో కలిపింది. అలాంటి రోజు మీ వికీకీ వస్తే ఏ వాక్యం ఏ పుస్తకంలోంచి వచ్చిందో తెలిస్తేనే పేజీని చీల్చగలరు. అందుకే మూలం పేరా చివర ఒక్కటి పెడితే చాలదు, వాక్యం వాక్యానికీ పెట్టండి.

సమస్య: పొగడ్తలు

"మహావీరురాలు ఆరిణి" బదులు "ఆరిణి ఒంటి చేత్తో మూడు రోజులు గుమ్మం కాసింది." విశేషణం తీసేసి పని రాయండి.

సమస్య: పొద్దున మార్చింది సాయంత్రానికి మళ్లీ పాతదే

మార్చిన ఇద్దరూ శైలి పేజీ (వికీలో ఎలా రాయాలో చెప్పే నియమాల పేజీ) చదవలేదు, లేదా అందులో ఆ విషయమే లేదు. ఇంగ్లిష్ వికీపీడియాలో ఒక పేజీని 24 గంటల్లో మూడుసార్లకు మించి రివర్ట్ చేయకూడదన్న (ఇంకొకరి మార్పును వెనక్కి తిప్పకూడదన్న) నియమం ఉంది. చిన్న వికీలో ఒక్కసారే చాలు, రెండోసారికి చర్చా పేజీకి వెళ్లాలి. అక్కడ తేలిన మాటను అదే రోజు శైలి పేజీలో ఒక వాక్యంగా, ఒక ఉదాహరణతో చేర్చి, పాత చర్చకు లింకు ఇవ్వండి. ఆర్నెల్ల తర్వాత మిణుకు "అది"నా "అతను"నా అని ఎవరో మళ్లీ అడుగుతారు. అప్పుడు ఆ లింకు ఇస్తే సరిపోతుంది.