గ్రీన్ లేజర్ కొన్నాక వచ్చే ప్రాబ్లమ్స్: డల్‌గా వెలుగుతోంది అంటే సేఫ్ అని కాదు

పిల్లలకి సప్తర్షి మండలం చూపించాలంటే వేలు పెట్టి ఎంత చూపించినా ఒక్కొక్కళ్ళు ఒక్కో చుక్క చూస్తారు, అదే గ్రీన్ లేజర్‌తో గీత గీస్తే క్షణంలో అర్థమైపోతుంది, నేను అందుకే కొన్నాను, చాలామంది అందుకే కొంటారు. కొన్నాక వచ్చే ప్రాబ్లమ్స్ అన్నీ నేను పడ్డవే కాబట్టి ఏది ఎందుకు వస్తుందో ఎలా సరిచేసుకోవాలో రాస్తున్నా.

ముందు కళ్ళు. చుక్కలు చూపించడానికి 5 మిల్లీవాట్లు చాలు. లేజర్లని ప్రమాదాన్ని బట్టి క్లాసులుగా విడగొడతారు, 5 దాటితే క్లాస్ 3బీ, 500 దాటితే క్లాస్ 4, వీటిలో మనం రెప్ప వేసేలోపే అంటే పావు సెకనులోపే రెటీనా కాలిపోవచ్చు, క్లాస్ 4 అయితే గోడ మీద పడ్డ చుక్కని దగ్గర నుంచి చూడటం కూడా ప్రమాదమే. డబ్బాలో ఫ్రీగా వచ్చే కళ్ళజోడు నమ్మకండి, దాని మీద ఏ నానోమీటర్లకి (అంటే ఏ తరంగదైర్ఘ్యం ఉన్న కాంతికి) ఎంత ఓడీ (అంటే ఆ కాంతిని ఎంత ఆపుతుంది) అనేది ప్రింట్ అయి లేకపోతే అది మామూలు రంగు ప్లాస్టికే అనుకోండి. చౌక గ్రీన్ లేజర్‌కి 532తో పాటు 808, 1064 కూడా ఆపే గాగుల్స్ కావాలి, ఎందుకో కింద చెప్తా.

అసలు వెలగట్లేదు

ఎక్కువసార్లు బ్యాటరీ దగ్గరే ఉంటుంది. కొన్ని మోడల్స్‌లో ప్లస్ వైపు ముందుకి, కొన్నిట్లో వెనక్కి పెట్టాలి, మాన్యువల్ చూడండి. తాళం ఉన్న మోడల్ అయితే తాళం పూర్తిగా తిరిగిందా చూడండి. తర్వాత మల్టీమీటర్‌తో సెల్ కొలవండి, 18650 అనే రీఛార్జ్ లిథియం సెల్ అయితే ఫుల్ ఛార్జ్‌లో 4.2 వోల్టులు ఉండాలి, 2.5 కంటే కిందికి పడిపోయిన సెల్‌ని మళ్ళీ ఛార్జ్ చెయ్యొద్దు, పక్కన పెట్టెయ్యండి. సెల్ మీద కెపాసిటీ 9900 ఎంఏహెచ్ అని రాసి ఉందంటే ఆ సెల్‌నే మార్చండి, మంచి కంపెనీ 18650లో కూడా 3500 చుట్టుపక్కలే ఉంటుంది. సెల్ బాగుంటే వెనక మూత మర దగ్గర నల్లగా పట్టిన మురికిని స్పిరిట్ తడిపిన దూదితో తుడవండి, నాది అలాగే వెలిగింది.

మొదట బాగా వెలిగి అర నిమిషంలో డల్ అయిపోతోంది

లేజర్ ముందు భాగాన్ని చేత్తో పట్టుకు చూడండి, వెచ్చగా ఉంటే వేడి వల్లే. ఇంత చిన్న బాడీలోంచి వేడి బయటికి పోయే దారి తక్కువ, అందుకని 30 సెకన్లు వెలిగించి ఒక నిమిషం ఆపండి. చల్లగానే ఉండి డల్ అవుతుంటే బ్యాటరీ లోడ్ తట్టుకోవట్లేదు, వేరే సెల్ వేసి చూడండి.

చలిలో పనిచెయ్యట్లేదు

డిసెంబర్‌లో లంబసింగి వెళ్ళాం, వైజాగ్‌లో బ్రహ్మాండంగా వెలిగిన లేజర్ అక్కడ తెల్లవారుజామున 4 గంటలకి మిణుగురులా అయిపోయింది. మా ఫ్రెండ్ వెలుగుతోందా లేదా అని లెన్స్ వైపు కన్ను పెట్టబోయాడు, నేను చెయ్యి లాగేశా. ఎందుకంటే చౌక గ్రీన్ లేజర్ నేరుగా పచ్చ కాంతి ఇవ్వదు, లోపల 808 నానోమీటర్ల ఐఆర్ (ఇన్‌ఫ్రారెడ్, కంటికి కనపడని కాంతి) డయోడ్ ఒక క్రిస్టల్‌ని వెలిగిస్తుంది, ఆ క్రిస్టల్ 1064 ఇస్తుంది, ఇంకో క్రిస్టల్ దాన్ని సగం చేసి 532 పచ్చగా మారుస్తుంది. చలికి డయోడ్ తరంగదైర్ఘ్యం కొంచెం జరుగుతుంది, క్రిస్టల్ దాన్ని సరిగ్గా పీల్చుకోదు, పచ్చ తగ్గుతుంది కానీ ఆ 808 మాత్రం బయటికి వచ్చేయొచ్చు, కంటికి కనపడదు కాబట్టి రెప్ప కూడా పడదు. జేబులోనో చంకలోనో పది నిమిషాలు వెచ్చగా పెట్టుకోండి, మళ్ళీ వెలుగుతుంది. చలి ప్రాంతాలకి ఎక్కువ వెళ్ళేవాళ్ళు 515 నుంచి 520 నానోమీటర్ల డైరెక్ట్ డయోడ్ లేజర్ (క్రిస్టల్స్ లేకుండా డయోడే నేరుగా పచ్చ కాంతి ఇచ్చేది) తీసుకోండి, వాటికి ఈ గొడవ తక్కువ.

ఐఆర్ లీక్ అవుతోందా అని అనుమానం

మంచి లేజర్‌లో ముందు ఐఆర్ ఫిల్టర్ ఉంటుంది, చౌక వాటిలో ఖర్చు తగ్గించడానికి చాలాసార్లు అది వెయ్యరు. అమెరికా ప్రమాణాల సంస్థ ఎన్‌ఐఎస్‌టీ వాళ్ళు 2010లో ఇంట్లో చేసుకునే టెస్ట్ ఒకటి చెప్పారు, పాత సీడీ, ఒక కెమెరా చాలు. ముందు ఫోన్‌లో సెల్ఫీ కెమెరా తెరిచి టీవీ రిమోట్ బటన్ నొక్కి చూడండి, రిమోట్ ముందు తెల్లగా మెరిస్తే ఆ కెమెరాకి ఐఆర్ కనపడుతుందని అర్థం. గాగుల్స్ పెట్టుకుని, అట్టకి చిన్న కన్నం పెట్టి అందులోంచి కాంతిని సీడీ మీదకి పంపండి, సీడీ నుంచి చీలిన చుక్కలు ఆ అట్ట మీదే పడతాయి. ఫోన్ స్క్రీన్ మీదే చూడండి, కాంతి నేరుగా కెమెరాలోకి పడనివ్వొద్దు, సెన్సర్ పోతుంది. పచ్చ చుక్కలకి కొంచెం పక్కగా, కంటికి ఏమీ కనపడని చోట స్క్రీన్‌లో ఇంకో మచ్చ కనిపిస్తే అది ఐఆర్. నాకు ఆ మచ్చ మొదటిసారి కనపడిన రోజు నిజంగా భయం వేసింది, అంతకుముందు రెండేళ్ళు అదే లేజర్‌తో పిల్లల మధ్య నిలబడి చూపించాను. దీనికి మనం చేసే రిపేర్ లేదు, వీడియో తీసి అమ్మిన వాడికి పంపి రిటర్న్ అడగండి, ఒప్పుకోకపోతే సెల్ తీసేసి పక్కన పెట్టెయ్యండి.

లేబుల్ మీద ఒకటి, చేసేది ఒకటి

లేబుల్ నమ్మడానికి లేదు. అదే ఎన్‌ఐఎస్‌టీ 2013లో 122 పాయింటర్లు కొలిస్తే గ్రీన్ వాటిలో దాదాపు 90 శాతం, రెడ్‌లో దాదాపు 44 శాతం అక్కడి సేఫ్టీ రూల్స్‌కి లోబడి లేవు. బెలూన్ పగిలిందా, అగ్గిపుల్ల అంటుకుందా అనేది కొలత కాదు. పవర్ మీటర్‌తో కొలిచినా గుర్తుపెట్టుకోండి, వేడిని బట్టి కొలిచే మీటర్ ఐఆర్‌ని కూడా కలిపి చూపిస్తుంది, 100 మిల్లీవాట్లు అని వస్తే అదంతా పచ్చ అని కాదు. ప్రకాశం చూసి కూడా అంచనా వెయ్యొద్దు, మన కంటికి పచ్చ చాలా ఎక్కువగా, 450 నానోమీటర్ల నీలం చాలా తక్కువగా కనిపిస్తుంది, అంటే డల్‌గా కనపడే నీలం లేజర్ పచ్చ దానికంటే ఎన్నో రెట్లు పవర్ ఉన్నదై ఉండొచ్చు.

గీత కనపడట్లేదు, చుక్క మాత్రం బాగుంది

ఇది లేజర్ తప్పు కాదు. గాలిలో దుమ్ము, తేమ ఉంటే గీత బాగా కనపడుతుంది, వెన్నెల ఎక్కువున్న రాత్రి అసలు తేలదు. గీత కోసం పవర్ పెంచుకోవద్దు, చీకటి చోటుకి వెళ్ళండి. శంషాబాద్ లాంటి ఎయిర్‌పోర్ట్ చుట్టుపక్కల ఉండేవాళ్ళు పైకి వెయ్యకండి, ఎక్కడున్నా విమానం కనపడితే వెంటనే ఆపండి, పైలట్ కళ్ళు చీకట్లో బైర్లు కమ్ముతాయి.

చుక్క చుట్టూ మరకలు, గీతలు

ముందు చుక్కల డిజైన్లు వేసే మూత ఉంటే అది తీసి చూడండి. ఇంకా ఉంటే సెల్ తీసేసి లెన్స్ మీద బ్లోయర్‌తో గాలి కొట్టి, లెన్స్ క్లాత్‌తో మధ్య నుంచి బయటికి తుడవండి, మామూలు బట్టతో రుద్దితే గీతలు పడతాయి. పవర్ ఉన్న నీలం లేజర్‌లో చుక్క గుండ్రంగా కాకుండా చిన్న గీతలా ఉండటం ఆ డయోడ్ స్వభావమే, దానికోసం విప్పకండి.