పైథాన్ స్క్రిప్టు చివరి లైన్లో పడిపోతే
పైథాన్‌లో వేరియబుల్ పేరు తప్పుగా కొట్టినా, ఆ లైన్ నడిచేదాకా కిక్కురుమనదు. 40 నిమిషాలు లెక్కలన్నీ చేసి, తీరా ఫైలు సేవ్ చేసే చోట నేమ్‌ఎర్రర్ (ఆ పేరు నాకు తెలీదు) అంటుంది. అంతా గంగపాలు.

అందుకే ఇప్పుడు పెద్ద స్క్రిప్టులని నడిపే కమాండులో పైథాన్ తర్వాత, ఫైలు పేరుకి ముందు మైనస్ ఐ (చిన్న అక్షరం) పెడుతున్నా. ఎర్రర్ వచ్చినా మూసుకుపోకుండా మూడు బాణాల ప్రాంప్టు దగ్గర ఆగుతుంది. డేటా మెమరీలోనే ఉంటుంది కాబట్టి సరైన పేరుతో ఆ ఒక్క లైన్ మళ్లీ కొడితే చాలు.

ఫంక్షన్ లోపల పడిపోతే దాని లోకల్ వేరియబుల్స్ ఇలా కనపడవు. అప్పుడు అదే ప్రాంప్టు దగ్గర పీడీబీని (పైథాన్‌తోనే వచ్చే, తప్పులు వెతికే డీబగ్గర్) ఇంపోర్ట్ చేసి, పీడీబీ డాట్ పీఎం, ఖాళీ బ్రాకెట్లు కొట్టండి. సరిగ్గా పడిపోయిన చోటికే తీసుకెళ్తుంది.

మెమరీ చాలక ఆపరేటింగ్ సిస్టమే ప్రాసెస్‌ని చంపేస్తే మాత్రం ఏమీ మిగలదు.