తక్కువ ఖర్చులో సముద్రం ట్రిప్, మూడో పాఠం: ఏ రోజు ఏం చెయ్యాలి

పోయిన పాఠంలో కారు, బ్యాగులు, ఎవరెంత వేసుకోవాలి అనేది తేల్చుకున్నాం. దారిలో ఏ ఊళ్ళో మనవాళ్ళు ఎవరున్నారో రాసుకోమని హోంవర్క్ ఇచ్చా కదా, ఆ కాగితం ముందు పెట్టుకోండి, ఈ రోజంతా దాంతోనే పని. ఈ పాఠంలో నేర్చుకునేది వరస ఒక్కటే. సర్ఫింగ్ (బోర్డెక్కి అలల మీద జారడం) ఏ రోజు, స్కూబా డైవ్ (సిలిండర్‌లో గాలి పీలుస్తూ నీళ్ళ కిందకి దిగడం) ఏ రోజు, ఏ రాత్రి ఎవరింట్లో. మ్యాప్ చూసి దగ్గరున్నది ముందు, దూరమున్నది తర్వాత అని వేసేస్తారు చాలామంది, మొదటిసారి నేనూ అలాగే వేశా, డబ్బులకి డబ్బులు పోయాయి, ఒక చెవి రెండు రోజులు మూసుకుపోయి ఎవరేం అడిగినా "ఆఁ?" అంటూ తిరిగా.

రూట్ మళ్ళీ ఒక్కసారి చూద్దాం. విజయవాడ నుంచి ఎన్‌హెచ్ 16 మీద ఒంగోలు, నెల్లూరు, తడ దాటి చెన్నై, అక్కణ్ణుంచి ఒడ్డు వెంబడే పోయే ఈస్ట్ కోస్ట్ రోడ్డు (ఈసీఆర్) పట్టుకుని కోవళం, మహాబలిపురం, పాండిచ్చేరి. తిరిగొచ్చేటప్పుడు చెన్నై, తిరుపతి, నెల్లూరు మీదుగా ఇల్లు. హైదరాబాద్ వాళ్ళు ఎన్‌హెచ్ 65 మీద విజయవాడ వచ్చి కలుస్తారు. కోవళం అంటే కేరళలోది కాదండీ, చెన్నైకి దక్షిణాన 40 కిలోమీటర్ల దూరంలో ఉన్న జాలర్ల ఊరు, మాలో ఒకడు కేరళ కోవళంలో రూమ్ బుక్ చేసేసి "అడ్వాన్స్ కట్టేశా" అని గర్వంగా ఫోన్ చేశాడు, అందుకే చెప్తున్నా. వైజాగ్ వాళ్ళకి ఋషికొండ బీచ్ పక్కనే ఉంది కాబట్టి రూట్ అక్కర్లేదు, వరస మాత్రం వాళ్ళకీ ఇదే.

ఇప్పుడు అసలు కిటుకు: ప్లాన్ చివరి రోజు నుంచి వెనక్కి వెయ్యాలి. మన ట్రిప్ చివర్లో ఏముంది? తిరుపతి. అంత దూరం వెళ్ళి కొండెక్కకుండా వస్తే ఇంట్లో ఊరుకోరు. ఇక్కడే ఉంది తిరకాసు. నీళ్ళలోకి ప్రతి 10 మీటర్లు దిగేకొద్దీ మన మీద ఇంకో వాతావరణమంత ఒత్తిడి కలుస్తుంది, ఆ ఒత్తిడిలో పీల్చిన గాల్లో ఉండే నైట్రోజన్ మామూలు కంటే ఎక్కువగా ఒంట్లో కరుగుతుంది. పైకొచ్చాక అది మెల్లగా బయటికి పోవాలి. సోడా బాటిల్ మూత నెమ్మదిగా తిప్పితే ఏం కాదు, ఒక్కసారి లాగితే బుస్సున పొంగుతుంది చూడండి, అదే సంగతి. డైవ్ చేసిన వెంటనే గాలి పలచగా ఉండే ఎత్తుకి వెళ్తే మనమే ఆ మూత లాగినట్టు. అందుకే ఒక్క డైవ్ చేస్తే కనీసం 12 గంటలు, రెండు మూడు చేస్తే కనీసం 18 గంటలు విమానం ఎక్కొద్దంటారు. విమానమే కాదు, 600 మీటర్లు దాటిన ఏ ఎత్తుకైనా ఇదే లెక్క. తిరుమల కొండ 800 మీటర్ల పైమాటే, బెంగళూరు 900 పైమాటే. పొద్దున పాండిచ్చేరిలో డైవ్ చేసి సాయంత్రం బెంగళూరు ఫ్రెండ్ ఇంటికి కార్లో వెళ్ళిపోదాం అనుకునేవాళ్ళు కొంచెం ఆగండి, రోడ్డు మీద వెళ్ళినా ఎత్తు ఎత్తే. హైదరాబాద్ 600 లోపే ఉంటుంది, పర్లేదు.

అంటే డైవ్‌కీ కొండకీ మధ్య ఒక రాత్రి ఖాళీగా ఉండాలి. ఆ ఖాళీ రాత్రిని హోటల్లో గడిపితే బడ్జెట్ పోయింది, ఫ్రెండ్ ఇంట్లో గడిపితే బడ్జెట్ నిలబడింది. కాగితం తియ్యమన్నది ఇందుకే. చెన్నైలో మనవాళ్ళెవరైనా ఉంటే ఆ రాత్రి వాళ్ళకి రాసేయండి. ఫ్రెండ్స్‌ని "ఎప్పుడు కుదిరితే అప్పుడు వస్తాంరా" అని గాల్లో వదిలేయకుండా, ఒంటికి రెస్ట్ కావాల్సిన రాత్రులకి వాళ్ళని పెట్టుకోవాలి.

ఇంకో మెట్టు వెనక్కి వెళ్దాం, సర్ఫింగ్. డైవ్ అయ్యాక ఒళ్ళు అలిసిపోయే పనులు పెట్టుకోవద్దంటారు, సర్ఫింగ్ అంటే మరీ అలుపు, గంటన్నర నేర్చుకుంటే మర్నాడు దువ్వెన ఎత్తాలన్నా భుజాలు ఒప్పుకోవు. కాబట్టి సర్ఫింగ్ ముందు, మధ్యలో ఒక రోజు గ్యాప్, ఆ తర్వాత డైవ్. గ్యాప్ రోజున మహాబలిపురంలో రాతి రథాలు చూస్తూ మెల్లగా కారు నడుపుకుంటూ వెళ్ళొచ్చు. 2025 ఆగస్టులో ఆసియా సర్ఫింగ్ పోటీలు జరిగింది ఈ మహాబలిపురంలోనే, మన దేశం సర్ఫర్ రమేష్ బుదిహాల్‌కి కాంస్యం వచ్చింది. దాటాక మరక్కాణం దగ్గర రోడ్డు పక్కనే ఉప్పు మడులుంటాయి, తెల్లటి ఉప్పు కుప్పలు వరసగా, ఎండలో కళ్ళు తెరవలేం, మా వాడు కారాపి ఒక పలుకు నోట్లో వేసుకుని "సముద్రంలో నిన్న తాగిందే బెటర్‌రా" అన్నాడు.

సర్ఫింగ్ గురించి ఇప్పుడే నేర్చుకోవాల్సింది ఒక్కటుంది, ఇంట్లో చేసేది, పాప్ అప్. బోర్డు మీద బోర్లా పడుకున్నవాళ్ళు అరచేతులు ఛాతీ పక్కన ఆనించి ఒక్క ఊపులో కాళ్ళ మీదకి రావడం. మోకాళ్ళ మీద ఆగి తర్వాత లేవడం అలవాటైతే ఇక అది పోదు, మొదట్నుంచే వద్దు. నెల్లూరులో మా ఫ్రెండ్ వాళ్ళింట్లో హాల్లో దుప్పటి పరిచి నలుగురం ధబీ ధబీమని ప్రాక్టీస్ చేస్తుంటే వాళ్ళమ్మగారు వంటింట్లోంచి వచ్చి "ఏంది అబ్బయ్యా, కింద వాటావాళ్ళు అడుగుతుండారు" అన్నారు. ఏ కాలు ముందుకి వస్తుందో తెలియకపోతే వెనక నుంచి ఎవర్నైనా చెప్పకుండా మెల్లగా తోయమనండి, పడకుండా ఏ కాలు ముందు వేస్తారో చాలామందికి అదే ముందు కాలు. బోర్డుకుండే తాడు వెనక కాలికి కట్టుకోవాలి. మొదటి రోజు అల విరిగి తెల్లగా నురగై ఒడ్డుకొచ్చే చోటే ఉండండి, లోపలికి వెళ్ళాలన్న ఆశ వద్దు. బోర్డు మీకూ అలకీ మధ్య అడ్డంగా ఎప్పుడూ ఉండకూడదు, అల దాన్ని తీసుకొచ్చి మూతి మీద కొడుతుంది, నా పై పెదవి సాక్ష్యం.

స్కూబా విషయానికొస్తే, సర్టిఫికెట్ లేనివాళ్ళని తీసుకెళ్ళే ట్రయల్ డైవ్‌లో 12 మీటర్లకి మించి దించరు. అందులో మీ పని రెండే. ఒకటి, ఊపిరి ఎప్పుడూ బిగపట్టకూడదు. 10 మీటర్ల లోతులో గుండెల నిండా పీల్చిన గాలి పైకొచ్చేసరికి రెట్టింపు చోటు అడుగుతుంది, బిగపడితే ఊపిరితిత్తులు ఏమవుతాయో ఆలోచించండి. రెండు, చెవులు. ముక్కు మూసుకుని నోరు మూసి మెల్లగా గాలి వదలబోతే చెవుల్లో టిక్ మంటుంది, అది నొప్పి మొదలవకముందే చెయ్యాలి, దిగడం మొదలెట్టిన మొదటి మీటర్ నుంచే. నొప్పి వచ్చాక గట్టిగా ఊదితే ఏం జరుగుతుందో పైన "ఆఁ?" అన్న మనిషిని అడగండి. జలుబుంటే ఆ రోజు డైవ్ మానేయడమే, మాత్ర వేసుకుని దిగితే నీళ్ళలో ఉండగానే మందు ప్రభావం అయిపోతుంది, పైకొచ్చేటప్పుడు గాలి లోపలే ఇరుక్కుంటుంది. ఉబ్బసం, గుండె జబ్బు, చెవి ఆపరేషన్ లాంటివి ఉంటే డైవ్‌కి ముందు నింపే ఫారంలో దాచకండి, ముందే డాక్టర్‌ని అడిగి వెళ్ళండి.

ఇక సైగలు. బొటనవేలు పైకెత్తి చూపిస్తే నీళ్ళలో "బాగుంది" కాదు, "పైకి పోదాం" అని. ఇది నాకు ఒడ్డున చెప్పారు, తలూపాను, కిందకెళ్ళాక చారల చేపల గుంపొకటి మొహం ముందు నుంచి పోతుంటే ఆనందం పట్టలేక బొటనవేలు ఎత్తా, నాతో దిగిన డైవింగ్ మాస్టారు వెంటనే నన్ను పట్టుకుని పైకి తీసుకెళ్ళిపోయాడు. కట్టిన డబ్బులో సగం ఆ వేలికే పోయింది. బొటనవేలూ చూపుడువేలూ కలిపి సున్నా చుట్టండి, అదే "ఓకే". చెవి నొప్పైతే అరచెయ్యి అటూ ఇటూ ఊపి చెవి చూపించండి.

కాలం సంగతి ఒక్క ముక్క, అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా ఈ ట్రిప్ వద్దు, ఈశాన్య రుతుపవనాలు, తుఫాన్లు, కలిపేసిన మజ్జిగలాంటి నీళ్ళు. సర్ఫింగ్ కొత్తవాళ్ళకి ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ బాగుంటుంది, అలలు చిన్నవి.

పెట్రోల్ లెక్క కూడా వరసలో భాగమే. రానూపోనూ ఊళ్ళో తిరుగుళ్ళతో కలిపి 1400 కిలోమీటర్లు, లీటరుకి 16 ఇచ్చే కారైతే 88 లీటర్లు, సగటున 105 వేసుకుంటే 9,240, నలుగురికి మనిషికి 2,310. ఇందులో కొంచెం మిగుల్చుకోవచ్చు, మన ఆంధ్రాలో కంటే తమిళనాడులో లీటరు తక్కువ, దానికంటే పాండిచ్చేరిలో తక్కువ (యానాం దగ్గరి వాళ్ళకి ఈ రహస్యం ఎప్పుడో తెలుసు). తడ దాటేదాకా సరిపడా పోయించుకుని, బోర్డర్ దాటాక కొంత, తిరుగు ప్రయాణానికి పాండిలో ఫుల్ ట్యాంక్. అట్టడుగుకి వచ్చేదాకా మాత్రం సాగదీయకండి, రాత్రి పన్నెండింటికి సూళ్ళూరుపేట దగ్గర కారు తోసిన అనుభవంతో చెప్తున్నా.

వరస అంతా కలిపితే ఇలా తేలుతుంది: మొదటి రాత్రి నెల్లూరు ఫ్రెండ్ ఇల్లు, రెండో రోజు మధ్యాహ్నానికి కోవళం, మూడో రోజు పొద్దున్నే సర్ఫింగ్, నాలుగో రోజు మహాబలిపురం మీదుగా పాండి, ఐదో రోజు పొద్దున డైవ్, ఆ రాత్రి చెన్నై ఫ్రెండ్, ఆరో రోజు మధ్యాహ్నం కొండ. రూమ్‌కి డబ్బు కట్టేది కోవళంలో రెండు రాత్రులు, పాండిలో ఒకటి, కొండ మీద ఒకటి. నెల్లూరు ఆంటీకి పూతరేకులు తీసుకెళ్ళండి, డిక్కీలో బ్యాగుల కింద కాదు, ఒకరి ఒళ్ళో. చేపల పులుసు పెడతారు, వద్దనకండి, సర్ఫింగ్‌కి ఇంకా రెండు రాత్రులు ఉంటాయి కాబట్టి ఎంత తిన్నా నష్టం లేదు.

హోంవర్క్: మీ కాగితం మీద చివరి రోజు నుంచి వెనక్కి తేదీలు వేసి, డైవ్ పక్కన ఎన్ని గంటలకి పైకొస్తారో, కొండకి ఎన్నింటికి బయల్దేరతారో రాయండి, మధ్యలో 18 రాకపోతే కొట్టేసి మళ్ళీ వెయ్యండి. రోజూ 20 పాప్ అప్‌లు, కింద వాటాలో ఎవరూ లేనప్పుడు. వచ్చే పాఠంలో తడి బట్టలు, ఉప్పు పట్టిన చెప్పులు, ఫ్రెండ్ వాళ్ళ బాత్రూమ్‌లో ఇసుక.