నిప్పూ పొగా – మూడో పాఠం: ముదురు మాంసం, ఓవెన్స్‌బరో పద్ధతి

గత పాఠంలోని అభ్యాసం పూర్తయ్యాకే దీన్ని మొదలుపెట్టండి. ఖాళీ కెటిల్ గ్రిల్‌లో, అంటే మూత ఉన్న గుండ్రటి బొగ్గుల పొయ్యిలో, బొగ్గు రాజేసి, మూత పెట్టి, మూడు గంటలపాటు వేడిని 110 నుంచి 125 డిగ్రీల సెల్సియస్ మధ్య నిలపమన్నాను. అది చేతికి వచ్చిందంటే సగం విద్య వచ్చినట్టే. మిగతా సగం ఆ వేడిలో మాంసం లోపల ఏం జరుగుతుందో తెలుసుకుని తొందరపడకుండా ఉండడం.

అమెరికా బార్బెక్యూను, అంటే కట్టె నిప్పు, పొగ మీద మాంసాన్ని నిదానంగా కాల్చే వంటను, పరిచయం చేసేవారు చాలామంది సాసులతో మొదలుపెడతారు. ఉత్తర కరోలినా తూర్పు భాగంలో వెనిగర్, మిరప. దక్షిణ కరోలినాలో పసుపుపచ్చని ఆవ సాస్. కాన్సస్ సిటీలో తియ్యని టమాటా సాస్. ఉత్తర అలబామాలో కోడి మాంసానికి మయోన్నైజ్ కలిపిన తెల్ల సాస్. చదవడానికి బాగానే ఉంటుంది కానీ వంట నేర్చుకునేవారికి ఇది తలకిందుల వరస. ఏ ప్రాంతంలోనైనా ముందు తేలవలసినవి రెండు: అక్కడ ఏ జంతువు చవకగా దొరికింది, ఏ చెట్టు కట్టె చేతికందింది? టెక్సాస్ నడిమి భాగంలో జర్మన్, చెక్ వలసదారులైన కసాయిలు అమ్ముడుపోని మాంసాన్ని ఓక్ కట్టెల పొగలో కాల్చి, తమ దుకాణంలో పొట్లాలు కట్టే కాగితం మీదే వడ్డించారు. లాక్‌హార్ట్ ఊళ్లో 1900లో మొదలైన క్రయిట్జ్ మార్కెట్ ఆ కోవకు చెందినదే. ఉప్పు, మిరియాలు తప్ప వేరే ఆర్భాటం అక్కడ లేదు.

ఇంకా వెనక్కి వెళితే, కరీబియన్ దీవుల టైనో ప్రజలు పచ్చి కర్రలతో మంచె కట్టి, కింద నిప్పు పెట్టి, చేపలనూ మాంసాన్నీ నిదానంగా కాల్చేవారు. పదహారో శతాబ్దంలో స్పెయిన్ దేశస్థులు దాన్ని చూసి రాసిపెట్టారు. తర్వాత వర్జీనియా, కరోలినాల్లో నేలలో పొడవైన గోతులు తవ్వి, పందులను మొత్తంగా కాల్చే విందులు స్థిరపడ్డాయి. ఆ గోతుల పక్కన రాత్రంతా మేలుకొని నిప్పు చూసుకున్నది ఎక్కువగా బానిసత్వంలో మగ్గిన ఆఫ్రికా సంతతివారే. విందు పెట్టిన భూస్వామి పేరు చరిత్రలో నిలిచింది, వండినవారి పేర్లు నిలవలేదు. అందుకే తెలిసిన ఒక పేరును ఇక్కడ చెప్పి తీరాలి: హెన్రీ పెర్రీ. మెంఫిస్ పరిసరాల్లో పుట్టిన ఈ నల్లజాతి వంటగాడు కాన్సస్ సిటీకి వచ్చి, 1908 ప్రాంతంలో ఒక సందులో పొగబెట్టిన మాంసం అమ్మడం మొదలుపెట్టాడు. ఆ నగరపు బార్బెక్యూ అంతా ఆ చిన్న అంగడి నుంచే పెరిగింది.

ఇక ఈ పాఠానికి నేను ఎంచుకున్న ఊరు ఓవెన్స్‌బరో. కెంటకీ రాష్ట్రం పశ్చిమాన, ఒహాయో నది ఒడ్డున ఉంటుంది. చుట్టూ పంది మాంసం రాజ్యమేలుతుంటే ఈ ఊరు గొర్రెను పట్టుకుంది. దీనికి కారణం ఉన్ని. పంతొమ్మిదో శతాబ్దం మొదట్లో దిగుమతి ఉన్ని వస్త్రాల మీద సుంకాలు పెరగడంతో గొర్రెల పెంపకం లాభసాటి అయిందని చెబుతారు. ఉన్ని తగ్గిపోయిన ముసలి గొర్రెల మాంసం గట్టిది, వాసన ఎక్కువ. దాన్ని తినదగ్గదిగా చేసే మార్గం హికరీ కట్టె నిప్పు మీద, వెనిగర్ కలిపిన ఉప్పునీళ్లు చల్లుతూ, గంటల తరబడి కాల్చడం. అక్కడి క్యాథలిక్ చర్చిల వేసవి విందుల్లో ఇప్పటికీ ముందురోజు రాత్రే నిప్పు రాజేస్తారు. పంది, గొడ్డు మాంసం తినని ఇళ్లు మన దగ్గర చాలా ఉన్నాయి కనుక, ఇంత దూరపు ఊళ్లలో మనకు బాగా పనికొచ్చే బడి ఇదేనని నా నమ్మకం.

దుకాణంలో పొట్టేలు జబ్బను ముక్కలు కొట్టకుండా ఎముకతో మొత్తంగా ఇవ్వమని అడగండి. లేత మాంసం ఇస్తానంటే వద్దనండి. ముదురు మాంసంలో కండల మధ్య కొల్లాజెన్ అనే గట్టి పదార్థం ఎక్కువ. పెద్ద మంట మీద అది ముడుచుకుపోయి మాంసాన్ని రబ్బరులా మారుస్తుంది. లోపలి వేడి 70 డిగ్రీలు దాటి చాలాసేపు నిలిస్తే అదే కొల్లాజెన్ మెల్లగా జెలటిన్‌గా కరిగి, నోట్లో వెన్నలాంటి మెత్తదనం ఇస్తుంది. హైదరాబాదు సీకు కబాబు నిమిషాల్లో అయిపోయే వంట, ఇది గంటలు పట్టే వంట. అక్కడి అలవాట్లను ఇక్కడికి తీసుకురావద్దు.

పైన అంటుకున్న దళసరి కొవ్వును చాలావరకు కోసేయండి. గొర్రె వాసన ఎక్కువగా ఉండేది అందులోనే. ఉప్పు, దంచిన మిరియాలు బాగా పట్టించి, రాత్రంతా ఫ్రిజ్‌లో మూత లేకుండా ఉంచండి.

కట్టె విషయానికి వస్తే, హికరీ మన దగ్గర దొరకదు. బాగా ఎండిన మామిడి, జామ కట్టెలు చక్కగా సరిపోతాయి. బొగ్గుకు సర్కారు తుమ్మ బొగ్గు వాడండి. పశ్చిమ టెక్సాస్‌లో మాంసం కాల్చే మెస్కీట్, మన చెరువు గట్ల మీది సర్కారు తుమ్మ దగ్గరి బంధువులు. అది చాలా వేడిగా మండుతుంది కనుక గ్రిల్ గిన్నె అంచు చుట్టూ సగం వలయంగా రెండు వరసల్లో పేర్చి, ఒక కొసనే అంటించండి. నిప్పు పాకుతూ పోతుంది. ఆ వలయం మీద పిడికెడంత కట్టె ముక్కలు మూడు, నాలుగు ఎడం ఎడంగా పెట్టండి. మధ్యలో నీళ్ల పళ్లెం, దాని పైన జాలీ మీద మాంసం. పై గాలి రంధ్రం పూర్తిగా తెరిచే ఉంచాలి. వేడిని కింది రంధ్రంతోనే సరిచేసుకోవాలి. కిరోసిన్ దగ్గరకు రానివ్వకండి. రంగు వేసిన కట్టె, ప్యాకింగ్ పెట్టెల చెక్క అసలే వద్దు. ఒక హెచ్చరిక: బొగ్గు నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్ ప్రాణం తీస్తుంది. ఇంట్లో గానీ, అద్దాలు మూసిన బాల్కనీలో గానీ ఈ పని చేయకూడదు.

పొగను చూడడం నేర్చుకోండి. దట్టంగా తెల్లగా వస్తోందంటే కట్టె సరిగా మండడం లేదు, మాంసం చేదెక్కుతుంది. సన్నగా, నీలి ఛాయతో, దాదాపు కనిపించకుండా వచ్చేదే మంచి పొగ. అది వచ్చాకే మాంసం పెట్టండి.

మొదటి రెండు గంటలు మూత తీయవద్దు. పైపొర కాస్త గట్టిపడ్డాక మూడు పాళ్ల నీళ్లకు ఒక పాలు వెనిగర్, కొంచెం ఉప్పు కలిపి, ముప్పావుగంటకొకసారి కుంచెతో అద్ది, వెంటనే మూత పెట్టేయండి. లోపలి వేడి 65, 70 డిగ్రీల దగ్గరకు వచ్చేసరికి థర్మామీటర్ ముల్లు కదలడం మానేస్తుంది. గంట గడిచినా అక్కడే ఉండవచ్చు. చెమట ఆరేటప్పుడు ఒళ్లు చల్లబడినట్టే, పైనున్న తడి ఆవిరవుతూ వేడిని లాగేసుకుంటుంది. కొత్తవారు నిప్పు పెంచి మాంసాన్ని పాడుచేసేది ఇక్కడే. మీరు మాత్రం ఏమీ చేయకండి. వేడి తనంతట తానే మళ్లీ పెరుగుతుంది.

93 డిగ్రీల దగ్గర పరీక్షించండి. అంకె కంటే చేతినే నమ్మండి: ఎముకను మెలితిప్పితే అది వదులుగా కదలాలి, గుచ్చిన పుల్ల అడ్డు లేకుండా దిగాలి. జబ్బ బరువును బట్టి దీనికి ఐదు నుంచి ఏడు గంటలు పడుతుంది. దించాక వదులుగా కాగితం చుట్టి ముప్పావుగంట పక్కన పెట్టి, ఆ తర్వాతే విడదీయండి.

వడ్డించేటప్పుడు అక్కడివారు పోసుకునేది నల్లని పలచటి డిప్. అర లీటరు నీళ్లలో మూడు పెద్ద చెంచాల వూస్టర్ సాస్ (సీసాల్లో దొరికే నల్లని పుల్లటి సాస్), అంతే వెనిగర్, ఒక పెద్ద చెంచా బెల్లం, చెంచాడు మిరియాల పొడి, అరచెంచా ఉప్పు, చిటికెడు లవంగాల పొడి, కొంచెం నిమ్మరసం కలిపి పావుగంట మరిగిస్తే చాలు. చాలామంది వంటవారు ఆల్‌స్పైస్ అనే మసాలా దినుసు వేస్తారు, అది మన దగ్గర సులువుగా దొరకదు కనుక లవంగం చెప్పాను. డిప్ చిక్కబడకూడదు, గొర్రె కొవ్వు జిడ్డును ఆ పులుపే కోస్తుంది.

ఈ పాఠానికి అభ్యాసం: వచ్చే రెండు వారాల్లో ఇదే జబ్బను రెండుసార్లు కాల్చండి. మొదటిసారి మామిడి కట్టెతో, రెండోసారి జామతో. మిగతావేవీ మార్చకండి. అరగంటకొకసారి గ్రిల్ వేడి, మాంసం వేడి, పొగ రంగు పుస్తకంలో రాసుకోండి. ఎముకలను ఫ్రీజర్‌లో దాచిపెట్టండి. వచ్చే పాఠంలో వాటితో బర్గూ కాచుకుందాం. అదే చర్చి విందుల్లో పెద్ద గంగాళాల్లో ఉడికే మొక్కజొన్న, బంగాళాదుంప, క్యాబేజీల చిక్కటి కూర. దానికి కావలసిన పొగ రుచి మీ ఎముకల్లో ఉందో లేదో అప్పుడు తెలుస్తుంది.