జపాన్ పెన్షన్ వాపసులో కోసిన పన్ను తిరిగి రాబట్టుకున్న విధానం: నా అనుభవం

జపాన్‌లో నాలుగేళ్లు ఉద్యోగం చేసి తిరిగి వచ్చాక, అక్కడ కట్టిన ఉద్యోగుల పెన్షన్ చందాకు ఏకమొత్తం వాపసు అందింది గానీ, అందులో 20.42 శాతం ఆదాయపు పన్ను ముందే కోసేశారు. పెన్షన్ కార్యాలయానికి ఉత్తరాలు రాశాను, పాత సంస్థను అడిగాను, రెండూ ఫలించలేదు.

పని జరిగింది పన్ను ప్రతినిధి ద్వారా, అంటే జపాన్‌లో మన తరఫున పన్ను వ్యవహారాలు చూసే వ్యక్తి ద్వారా. జపనీస్‌లో ఆయనను నోజెయ్ కన్‌రినిన్ అంటారు. వృత్తి నిపుణుడే కానక్కరలేదు, అక్కడ నివసించే నమ్మకమైన మిత్రుడైనా సరిపోతాడు. ముందుగా, దేశం విడిచేటప్పుడు నా చివరి చిరునామా ఏ పన్ను కార్యాలయం పరిధిలో ఉండేదో అక్కడికే, మిత్రుణ్ణి ప్రతినిధిగా ప్రకటించే పత్రం పంపాను. బయలుదేరే ముందే ఈ పని చేసి ఉంటే ఎంతో సులువయ్యేది. తరువాత, వాపసుతో పాటు వచ్చిన నిర్ణయ పత్రం అసలు ప్రతిని (దీన్ని దయచేసి పారేయకండి) ఆయనకు పోస్టులో పంపాను. ఆ మొత్తాన్ని పదవీ విరమణ ఆదాయంగా లెక్కించమని కోరుతూ ఆయన రిటర్ను దాఖలు చేశారు. అలా లెక్కిస్తే సర్వీసు ఏడాదికి 4 లక్షల యెన్ల చొప్పున మినహాయింపు వర్తిస్తుంది కనుక, నా విషయంలో పన్ను మొత్తం ఆయన ఖాతాకు తిరిగి వచ్చింది. అక్కడి నుంచి నాకు పంపారు.

ఇది అందరికీ ఇలాగే జరుగుతుందని చెప్పలేను. జాతీయ పెన్షన్ (ఉద్యోగుల పెన్షన్‌లో లేనివారు కట్టేది) మాత్రమే కట్టినవారికి ఈ పన్ను కోత ఉండదు. పన్ను వాపసు కోరడానికి ఐదేళ్ల గడువుంది. అసలు ఏకమొత్తానికి మాత్రం జపాన్‌లో చిరునామా రద్దయిన రెండేళ్లలోపే దరఖాస్తు చేయాలి.